భూకంపాల లెక్క – పని పంపకం



1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. రాతి, మట్టి గోడల ఇళ్లు నిద్రలో ఉన్నవారిమీద కూలాయి. వేలాదిమంది మరణించారు. భూకంపం ఏ రోజున వస్తుందో చెప్పగల కంప్యూటరు ఈనాటికీ లేదు. అయితే, వస్తే ఏ నేల ఎంత ఊగుతుందో లెక్కకట్టవచ్చు. ఇల్లు ఎంత గట్టిగా కట్టుకోవాలో తేల్చడానికి ఆ లెక్క పనికివస్తుంది.

అంత పెద్ద లెక్క ఒక్క ప్రాసెసరుతో తెమలదు. నేలను లోతుతో సహా చిన్న చిన్న ముక్కలుగా భావించి, వందలాది ప్రాసెసర్లకు పంచుతారు. ఎలా పంచాలన్నదే చిక్కు.

షోలాపురంలో స్థిరపడిన మన నేతవారిని అడగండి. గజం ముతక దుప్పటి, గజం సన్ననూలు చీర – కొలత ఒకటే, శ్రమ ఒకటి కాదంటారు. నేల సంగతీ అంతే. గట్టి రాతిలో భూకంప తరంగాలు వేగంగా సాగుతాయి, వాటి పొడవు ఎక్కువ. అక్కడ పెద్ద ముక్కలు చాలు. మెత్తని ఒండ్రునేలలో తరంగాలు నెమ్మదిస్తాయి, పొట్టివవుతాయి. వాటిని పట్టుకోవాలంటే ముక్కలు బాగా చిన్నవి కావాలి. అందువల్ల వైశాల్యాన్ని బట్టి సమానంగా పంచితే, ఒండ్రునేల వంతు వచ్చిన ప్రాసెసరుమీద భారమంతా పడుతుంది.

ప్రతి అడుగులోనూ ప్రాసెసర్లు తమ సరిహద్దు ముక్కల కదలికను పొరుగువాటికి తెలపాలి. ఆ కబురు అందేవరకు తరువాతి అడుగు పడదు. వందింటిలో తొంభైతొమ్మిది గంటలో పని ముగించి, ఒక్కటి రెండు గంటలు తీసుకుంటే, మొత్తం పనికి రెండు గంటలే. తొంభైతొమ్మిదీ గంటసేపు ఖాళీగా కూర్చున్నట్టే.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కనున్న శాన్ ఫెర్నాండో లోయ 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపంతో దెబ్బతిన్నది. ఆ దశకంలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ లోయ ఊగే తీరును లెక్కకట్టారు. వారి వలల్లో అతిపెద్దదానిలో సుమారు 1 కోటి 40 లక్షల ముక్కలున్నాయి. వారు వైశాల్యం చూడలేదు. ప్రతి ప్రాసెసరుకూ దాదాపు సమానసంఖ్యలో ముక్కలు వచ్చేలా, సరిహద్దులు వీలైనంత తక్కువగా ఉండేలా కోశారు. సరిహద్దు పెరిగితే కబుర్లకే కాలం చెల్లిపోతుంది మరి.

పంపకం కుదిరితే మిగిలిన కాలంలో నేలను మరింత సన్నగా చూడవచ్చు. మెత్తని నేలమీద ఉన్న ఊరికి ఎంత ముప్పో తేలేది అప్పుడే. పని సమానంగా పంచడమంటే నేలను సమానంగా కోయడం కాదు, శ్రమను సమానం చేయడం.