మన రక్తం, మన సమ్మతి

(సిద్దిపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



షుగర్ జబ్బు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మందుల గురించి, పథ్యం గురించి డాక్టర్లు చెబుతారు. నేను వేరే సంగతి మాట్లాడతాను. ఆ జబ్బు మీద మనుషులపై పరిశోధన చేసేటప్పుడు మన ఆడవాళ్ల హక్కులేమిటి?

భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో అచ్చయింది. దాని ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. కాబట్టి పరిశోధన జరగాల్సిందే, అందులో ఆడవాళ్లూ ఉండాల్సిందే. 2018 నుంచి మన సిద్దిపేటలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అందుకే ఈ విషయాలు మనం ముందుగా తెలుసుకోవాలి.

పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. ఏ డాక్టరుకు ఆ డాక్టరు విడిగా ఏర్పాట్లు చేసుకోకుండా, ల్యాబు, రక్తం నమూనాలు దాచే ఫ్రీజర్లు, నర్సులు, ఆహార నిపుణులు, లెక్కలు కట్టేవాళ్లు అందరికీ ఉమ్మడిగా ఉంటారు. డబ్బు కలిసొస్తుంది, పరీక్షలన్నీ ఒకే తీరుగా జరుగుతాయి. మంచిదే. అయితే ఇవన్నీ పరిశోధకులకు దొరికే సేవలు. చెయ్యి చాపి రక్తం ఇచ్చే మనిషికి దొరికే సేవలేవి?

షుగర్ పరీక్షకు పరగడుపున రమ్మంటారు. ఒకసారి రక్తం తీసి, గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటలకు మళ్లీ తీస్తారు. బీడీలు చుట్టే మనిషికి ఆ పూట కూలి పోయినట్టే. బస్సు ఖర్చు ఎవరిస్తారు? పరీక్షలో ఏం తేలిందో ఆమెకు చెబుతారా? షుగర్ ఉందని తేలితే మందులెవరిస్తారు?

ఈ ప్రశ్నలు ఊరికే పుట్టలేదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను ఆడవాళ్ల మీద పరీక్షించారు. అప్పుడు పటాన్‌చెరూ, మన సిద్దిపేటా ఒకే మెదక్ జిల్లాలో ఉండేవి. అది ఇంకా పరీక్షలో ఉన్న మందని ఆ ఆడవాళ్లకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్లి అడిగితే ఈ సంగతి బయటపడింది. 1986లో మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు.

తర్వాత 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పధ్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి! మహిళా, ఆరోగ్య సంఘాలు గొడవ చేశాక 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

అలాగని పరిశోధన అంటేనే వద్దనకండి. హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987–90 మధ్య ఒక అధ్యయనం మొదలైంది. కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ల వాళ్లయ్యాక చూస్తే, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోందని తేలింది. 2008లో ఇది అచ్చయింది. అంగన్‌వాడీలో గర్భిణికి సరైన తిండి కావాలని మనం అడిగేటప్పుడు ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఏముంటుంది?

ఇప్పుడు చట్టం కూడా కొంత మన వైపు ఉంది. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, పాల్గొనే మనిషికి అర్థమయ్యే భాషలో వివరాలు చెప్పాలి. చదువు రాకపోతే సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నారని మామూలు వైద్యం ఆపకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. నైతిక కమిటీ ఒప్పుకోనిదే ప్రయోగం మొదలుపెట్టడానికి వీల్లేదు. అందులో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది బయటి సంస్థల వాళ్లై ఉండాలి. ఒక మహిళ, ఒక సామాన్య వ్యక్తి తప్పనిసరి. స్వచ్ఛంద సంస్థల వాళ్లకూ చోటుంది. విశ్వవిద్యాలయపు ఉమ్మడి సేవలన్నిటిలో నా దృష్టిలో మొదటిది ఇదే. ల్యాబు లేకపోతే పరిశోధన ఆగుతుంది. ఇది నిద్రపోతే పటాన్‌చెరు మళ్లీ వస్తుంది.

ఆ కుర్చీలో పేరుకు ఒక మహిళ ఉంటే చాలదు. సమ్మతి పత్రం తెలుగులో చదివి, "ఇది మా ఊరి అక్కకు అర్థం కాదు, మార్చండి" అనగల మహిళ ఉండాలి. కూలి డబ్బులు, బస్సు ఖర్చు, పరీక్ష ఫలితాలు, తర్వాతి వైద్యం ముందే రాసి ఉన్నాయా అని చూడగల మహిళ ఉండాలి. అలాంటివాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. ఆ చోటు కోసం అడుగుదాం.

రేపు మీ ఊళ్లో ఎవరైనా "సంతకం పెట్టక్కా" అని కాగితం తెస్తే, ముందు చదివి వినిపించమనండి. ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకుంటామని చెప్పండి. వేలిముద్ర తర్వాత సంగతి.