బిల్లు కమిటీ ముందు ఉన్నప్పుడు



చట్టం వచ్చాక మనం వీధిలోకి వస్తాం. అది ఇంకా బిల్లుగా ఉన్న రోజుల్లో మనం ఎక్కడున్నాం? ఈ సాయంత్రం మనల్ని మనం అడుగుకోవలసిన ప్రశ్న ఇది.

ప్రతి బిల్లూ పార్లమెంటరీ కమిటీకి వెళ్లాలన్న నియమం లేదు. 2017 డిసెంబరు 28న తలాక్ బిల్లును ప్రవేశపెట్టిన రోజే లోక్‌సభ ఆమోదించింది. మన స్త్రీలు ఏ కమిటీ ముందూ నోరు విప్పే అవకాశమే రాలేదు. వక్ఫ్ సవరణ బిల్లు దారి వేరు. 2024 ఆగస్టు 8న సభ ముందుకు వచ్చిన ఆ బిల్లు జగదంబికా పాల్ అధ్యక్షతన 31 మంది సభ్యులున్న సంయుక్త కమిటీకి వెళ్లింది.

కమిటీ మంత్రిత్వశాఖ అధికారులను పిలిచి ప్రశ్నిస్తుంది, సంస్థల సాక్ష్యం వింటుంది, ప్రజల నుండి రాతపూర్వక అభిప్రాయాలు కోరుతుంది. చివరకు ఒక్కొక్క క్లాజునూ వోటుకు పెడుతుంది. ఏకీభవించని సభ్యులు అసమ్మతి పత్రం ఇస్తారు. ఆ కమిటీ సెప్టెంబరు 28న హైదరాబాదుకు కూడా వచ్చింది.

అభిప్రాయాలు పంపడానికి గడువు పదిహేను రోజులు. రాయవలసింది ఇంగ్లిషులో లేదా హిందీలో. తెలుగు మాత్రమే రాయగల ముతవల్లీ తన ఊరి ఖబరస్తాన్ గురించి చెప్పుకోవడానికి మరొకరి కలం అరువు తెచ్చుకోవాలన్నమాట! లక్షల ఈమెయిళ్లు వెళ్లాయి, నిజమే. మనం పంపినవాటిలో ఎక్కువ భాగం ఒకే నమూనా. ఫలానా క్లాజు వల్ల ఫలానా సర్వే నంబరు భూమికి ఏమవుతుందో చెప్పినవి ఎన్ని?

ప్రతిపక్షం తెచ్చిన 44 సవరణలూ వీగిపోయాయి. నివేదిక 15–11 వోట్లతో ఆమోదం పొందింది. అయినా కమిటీ వల్ల ఒరిగిందేమీ లేదనడం తొందరపాటు. ప్రభుత్వ భూమి వివాదాన్ని కలెక్టరే తేలుస్తారన్న చోట, కలెక్టరు కంటే పైస్థాయి అధికారి అని మారింది. అనుభవం వల్ల వక్ఫ్ అయిన ఆస్తులు అప్పటికే రిజిస్టరై ఉంటే అలాగే కొనసాగుతాయన్న మాట చేరింది. వివాదం ఉన్నవాటికి, ప్రభుత్వ భూములకు మాత్రం ఆ రక్షణ లేదు. ఆ మినహాయింపు ఎంత పెద్ద తలుపో మనకు తెలుసు.

అసమ్మతి పత్రాలూ వృథా కాలేదు. వాటిలో కొన్ని భాగాలను తొలగించి నివేదికను సభ ముందుంచగా, నిరసన తర్వాత మళ్లీ చేర్చారు. భూమి హక్కును ప్రభుత్వ అధికారి తేల్చడం తగదన్న అభ్యంతరం కమిటీలో నెగ్గలేదు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ నిబంధనలనే మధ్యంతరంగా నిలిపివేసింది.

కాబట్టి ఈ సభ ముగిశాక ఎవరూ వెంటనే లేవవద్దు. మహల్లావారీగా కూర్చుందాం. గెజిట్ నకలు, ముంతఖబ్, పహాణీ – ఏ మసీదుది, ఏ ఖబరస్తాన్‌ది ఎవరి దగ్గర ఉందో రాసుకుందాం. ఇంగ్లిషు రాయగల పిల్లలు దయచేసి ముందు వరుసలోకి రండి.