రాతకు సొంత గడప ఉండాలా?
(యువ రచయితల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సదస్సు పెడుతున్నామని చెప్పిన రోజు నుంచి మమ్మల్ని చాలామంది ఒకటే అడుగుతున్నారు. "కథలు, కవితలు రాస్తున్నాం. పత్రికలకు పంపి ఎదురుచూడాలా, సొంతంగా బ్లాగు పెట్టుకుని అందులో వేసుకోవాలా?" మా జవాబు ముందే చెప్పేస్తాం. పెట్టుకోండి. కానీ అది గడప మాత్రమే, ఇల్లు కాదు. ఎందుకో చెప్తాం.

మా బృందంలో ఒక చెల్లె తన అవ్వ గురించి రాసింది. కథంతా తెలుగులో, అవ్వ మాటలు మాత్రం గోండిలో, తెలుగు అక్షరాలతో. ఒక పత్రిక అచ్చు వేసింది. అందరం సంతోషపడ్డాం. తీరా చూస్తే గోండి మాటలన్నీ తీసేసి పుస్తకాల తెలుగు పెట్టారు. పాఠకులకు అర్థం కావన్నారు. చెల్లె ఆ పత్రిక పట్టుకుపోయి అవ్వకు చదివి వినిపించింది. అవ్వ అంతా విని, "మంచిగుంది బిడ్డా, ఎవరి అవ్వ గురించి?" అని అడిగింది.

ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. మన మాట మన మాటగా నిలిచే చోటు ఒకటి మన చేతిలో ఉండాలని ఆ రోజే అనుకున్నాం. 2011 జనాభా లెక్కల్లో గోండి తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 29 లక్షలకు పైనే. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో గోండికి చోటు లేదు. సంతాలీ, బోడో భాషలకు 2003 నాటి సవరణతో ఆ చోటు దక్కింది. సంతాలీ వాళ్లు అంతవరకూ ఊరికే కూర్చోలేదు. రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి తయారు చేసినప్పటి నుంచి రాస్తూనే ఉన్నారు. గుర్తింపు వచ్చాక రాద్దామంటే రాసేది ఎప్పటికి?

దండారి సంగతే చూడండి. ముందు మన గూడెంలో పూజ చేసి, మనవాళ్ల ముందు ఆడాకే పక్క ఊరికి పోతాం. అడుగు తప్పితే దిద్దేది మన పెద్దలే. రాత కూడా అంతే. బ్లాగులో పెట్టేముందు దాన్ని ఇంట్లో ఒకరికైనా చదివి వినిపించండి. చదువు రాని అవ్వ అయినా సరే, చదువు రాని అవ్వ అయితే మరీ మంచిది. "మేం అట్లా అనం" అని ఆమె ఒక్క మాట అంటే, అంతకు మించిన సంపాదకులు మనకు దొరకరు.

ఇక మా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక ప్రధాన్ పెద్దాయన కీక్రి వాయిస్తూ కథ చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాం. మంచి పని చేస్తున్నామనుకుని ఇంటర్నెట్‌లో పెట్టేశాం. ఆయన్ను అడగలేదు, పేరు రాయలేదు. ఆయనకు తెలిసి మమ్మల్ని తిట్టలేదు. "నా తాతల నుంచి వచ్చింది కదా, నా పేరు ఎక్కడ?" అన్నాడు. వెంటనే తీసేశాం. అప్పటికే ఎవరో దింపుకుని వేరే చోట పెట్టారు. అది ఇప్పటికీ పేరు లేకుండా తిరుగుతోంది. మేం దాన్ని వెనక్కి తేలేకపోయాం.

అందుకే చెప్తున్నాం. మీ బతుకు, మీ కథ, మీ కవిత మీవి. ఎట్లైనా పెట్టుకోండి. ప్రధాన్ నోటి కథ, తోటి పాట, అవ్వ చెప్పిన ముచ్చట అట్లా కాదు. చెప్పినవాళ్లను అడగండి, పేరు పెట్టమంటే పెట్టండి, వద్దంటే ఆపండి. పేన్ పూజలో మన గోత్రం వాళ్లు మాత్రమే చూడాల్సింది, వినాల్సింది ఉంటే అది ఫోన్‌లోకి ఎక్కకూడదు.

పత్రికల సంగతి కూడా చెప్పాలి. చాలా పత్రికలు, కథల పోటీలు ఇంతకుముందు ఎక్కడా రాని రచనే కావాలంటాయి. బ్లాగులో పెట్టింది కూడా అచ్చయినట్టే లెక్క వేస్తాయి. కాబట్టి పోటీకి పంపాలనుకున్న కథను దాచుకోండి. రోజువారీ ముచ్చట్లు, ఊరి సంగతులు, మాటల పట్టికలు బ్లాగులో పెట్టండి. రాయడం అలవాటయ్యేది వాటితోనే.

లిపి చిక్కు కూడా ఉంది. మనం తెలుగు అక్షరాల్లో రాసిన గోండిని గడ్చిరోలిలో ఉన్న మన చుట్టాలు చదవలేరు. వాళ్లు దేవనాగరిలో రాస్తే మనలో చాలామందికి రాదు. మసరం గోండి లిపి 2017లో, మన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. కంప్యూటర్‌లో రాసుకునే దారి పడింది. నేర్చుకునేవాళ్లు నేర్చుకోండి. అందాకా రాసిన ప్రతి దాన్నీ మీ గొంతుతో చదివి, ఆ రికార్డు కూడా పక్కన పెట్టండి. లిపి రానివాళ్లకు గొంతు అందుతుంది.

చివరిగా, ఇంటర్నెట్‌ను పూర్తిగా నమ్మకండి. ఒకప్పుడు లక్షల మంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. గుంజాల రాతప్రతులేమో గూడెంలో, ఇళ్లలో, చేతి నుంచి చేతికి వచ్చి నిలిచాయి. బ్లాగులో పెట్టిన ప్రతి రాతకూ నోటుపుస్తకంలో ఒక నకలు ఉంచండి. ఆ పుస్తకమే ఇల్లు. బ్లాగు గడప. గడప లేకపోతే మన ఇంట్లోకి ఎవరూ రారు. ఇల్లు లేకపోతే గడపకు అర్థం లేదు.

ఆ చెల్లె ఇప్పుడు తన బ్లాగులో అదే కథను అవ్వ మాటలతోనే పెట్టింది. చదివినవాళ్లు కొద్దిమందే. కానీ అవ్వకు మళ్లీ చదివి వినిపిస్తే, సగంలోనే ఆపి, "ఆ మాట నేనట్ల అనలేదు, ఇట్ల అన్న" అని దిద్దింది. ఈసారి ఎవరి అవ్వ అని అడగలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంటికి పోయాక ఒక్క పేజీ రాయండి. రేపు పొద్దున ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. బ్లాగు ఆ తర్వాత.

జై జంగో! జై లింగో!