పన్ను తగ్గిన ఇంటి స్వరాజ్యము

(ఏలూరులోని ఒక పఠనమందిరమున మేము చేసిన ఉపన్యాసపు పాఠము)



పన్నును గూర్చి మాటలాడుటకు పఠనమందిరమును మించిన చోటు లేదు. మన రాష్ట్రమున ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సుంకముగా వసూలగుచున్నవి. ఆ సుంకము ఊతగానే పౌరగ్రంథాలయములలో పత్రికలు వచ్చుచున్నవి, దీపములు వెలుగుచున్నవి. ఇచ్చిన పన్ను ఏమైనదని ప్రభుత్వమును అడుగుట మనకు తెలియును. అది మన హక్కు. కాని ఇయ్యనక్కరలేక మన యొద్దనే మిగిలిన పన్ను ఏమైనదని మనలను మనము ఎన్నడైన అడిగితిమా? నేడు మేము మీ ముందుంచదలచిన ప్రశ్న అదియే.

ముందు చట్టము సంగతి చెప్పుదుము. 2025 ఫిబ్రవరి 1వ తేదీన కేంద్ర ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారు ప్రవేశపెట్టిన బడ్జెటు ననుసరించి, 2025 ఏప్రిల్ 1 మొదలుకొని నూతన పద్ధతిలో లెక్క చూపువారికి ఏటికి 12 లక్షల రూపాయల ఆదాయము వరకు పన్ను లేకపోయెను. నెలజీతగాండ్రకు 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు కలిసి ఆ హద్దు 12 లక్షల 75 వేలైనది. పూర్వపు హద్దు 7 లక్షలు. పన్ను లెక్కకే రాదని దీని అర్థము కాదు. 12 లక్షలపై లెక్కకు వచ్చు 60,000 రూపాయలను 1961 నాటి చట్టములోని 87ఏ సెక్షను క్రింద ప్రభుత్వము రిబేటుగా వదలివేసినది. వాటాల అమ్మకపు లాభము వంటి ప్రత్యేకపు రేట్ల ఆదాయమునకు ఈ రిబేటు చెల్లదు.

దీనివలన ఎవరికెంత మిగిలినది? పన్ను లెక్కకు 12 లక్షలు తేలినవానికి అంతకు ముందటి ఏట పన్ను 80,000, దానిపై సెస్సు 3,200, వెరసి 83,200 రూపాయలు. అనగా నెలకు 6,933. తొమ్మిది లక్షలవానికి 41,600. నెలకు సుమారు 3,466. ఏడు లక్షలకు లోబడినవానికి పూర్వమును పన్ను లేదు, పిమ్మటను లేదు. వానికి కొత్తగా మిగిలినది సున్న. ఈ సున్నను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. దానియొద్దకు మేము మరల వత్తుము.

మిగిలిన ఈ సొమ్మును ఎవరును తెచ్చి చేతిలో పెట్టరు. జీతములో కోత తగ్గును, అంతియే. చడిచప్పుడు లేక వచ్చినది చడిచప్పుడు లేకయే పోవును. మేము మా కక్షిదారులను, ఇరుగుపొరుగువారిని, “ఈ సొమ్ము ఏమి చేయదలచితిరి?” అని అడుగుచు వచ్చితిమి. ఒక ఉపాధ్యాయుడు మోటారుసైకిలు కొందుననెను. ఆ మాట ముగియక మునుపే లోపలినుండి ఆయన ఇల్లాలు, “నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష సంగతి ముందు చూడండి” అనెను. తాడేపల్లిగూడెమున ఇంటనుండియే కంప్యూటరు ఉద్యోగము చేసికొను యువదంపతులు ఇంటి అప్పు వాయిదాలో కలుపుదుమనిరి. పింఛనుదారగు పెద్దాయన ఒకరు, భార్య మోకాలి చికిత్సకని ఉంచగా మనుమని పుట్టినరోజుతో సగమైనదని చెప్పి నవ్విరి. తక్కినవారిలో పెక్కుమంది మాట ఒక్కటియే: “ఏమోనండీ, ఖర్చుల్లో కలిసిపోయింది.”

పరులను అడిగిన నోటితో మా సంగతియు చెప్పుట న్యాయము. న్యాయవాదులమగు మాకు నెలజీతము లేదు. ముందస్తు పన్ను కట్టెడివారము. 2025 జూను 15 వచ్చినది, కట్టనక్కర లేకపోయెను. సెప్టెంబరు 15 వచ్చినది, అప్పుడును లేదు. మా మనస్సు తేలికపడెను. ఒకనాటి రాత్రి భోజనముల వేళ మా గృహిణి, “ఏటా కట్టే ఆ డబ్బు ఈసారి ఏదండీ?” అని అడిగినది. జమాఖర్చుల పుస్తకము తిరుగవేసితిమి. దొంగ లేడు, దుబారా లేదు, డబ్బును లేదు. కోర్టులో ఎదుటి సాక్షిని నిలదీయుటకు అలవాటుపడిన మేము ఆ రాత్రి బదులు చెప్పలేకపోతిమి.

ఇది మన ఒక్కరి దౌర్బల్యము కాదు. 2001లో అమెరికా ప్రభుత్వము ఒంటరివారికి 300, దంపతులకు 600 డాలర్ల వరకు పన్నుసొమ్మును చెక్కులుగా పంపినది. దానిని ఏమి చేయుదురని మిషిగన్ విశ్వవిద్యాలయపు పండితులు కుటుంబములను విచారింపగా, ముఖ్యముగా ఖర్చే చేయుదుమన్నవారు అయిదుగురిలో సుమారు ఒక్కరు. తక్కినవారు దాచుదుమనియో, అప్పు తీర్చుదుమనియో చెప్పిరి. వేరొక పండితవర్గము కుటుంబముల ఖర్చు లెక్కలనే పరిశీలింపగా, చెక్కు అందిన మూడు నెలలలోనే అందు నూటికి 20 నుండి 40 వంతులు దినవెచ్చములకు పోయినట్లు తేలెను. ఒకటి మనుష్యుల లెక్క, రెండవది డబ్బు లెక్క. కావున వారు అబద్ధమాడిరని అనరాదు. కాని అనుకొనుటకును చేయుటకును నడుమ ఒక సందు కలదని గ్రహింపవచ్చును. మా ఇంటి సొమ్ము ఆ సందులోనే పోయినది.

ఇక అసలు సంగతి. పాత పద్ధతిలో జీవితభీమా, భవిష్యనిధి, పిల్లల బడిజీతము మున్నగువానికి 80సీ సెక్షను క్రింద ఏటికి లక్షా ఏబదివేల వరకు మినహాయింపు ఉండెను. చలికాలము వెడలినంతనే రసీదులకై గుమాస్తాలు, ఉపాధ్యాయులు పరుగులు పెట్టుట మనము చూచినదే. అది పన్ను భయముచేత చేసిన పొదుపు. అయినను ఆ భయమే ఎన్నో ఇండ్లలో బిడ్డ చదువునకును పెండ్లికిని నిధియైనది. నూతన పద్ధతిలో ఆ మినహాయింపు లేదు. పాత పద్ధతి కోరినవారికి దానిని ఎంచుకొను వీలు ఉంచిరి గాని, పన్నెండు లక్షల లోపువారు దానివంక చూచుటకు కారణము మిగులలేదు. చిక్కు తగ్గినది, పన్నును తగ్గినది, మేము నిందింపము. కాని చేయి పట్టి పొదుపు చేయించిన చట్టము చేయి విడిచినది.

పరుల కట్టడి తొలగినచోట తన కట్టడిని తానే నిలుపుకొనుట స్వరాజ్యము. పరుల కట్టడి పోయి, తన కట్టడి రానిచో అది అరాజకము. దేశమునకు చెల్లు ఈ న్యాయము ఇంటికిని చెల్లును.

అట్లైన ఇంటి కట్టడి ఎట్లుండవలెను? ఉపాధ్యాయుని ఇల్లాలి మాటయే మొదట చెల్లవలెను. నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున లక్షకు ఏటికి వడ్డీయే 24,000. పన్నెండు లక్షల ఆదాయపు ఇంట మిగిలిన 6,933 రూపాయలను నెలనెలా ఆ అప్పునకు చెల్లించినచో పదునెనిమిదవ నెలలో అది అసలుతో తీరిపోవును. బ్యాంకులో దాచిన నూరు రూపాయలకు ఏటికి ఆరో ఏడో వచ్చును. ఈ అప్పుపై ఇరువదినాలుగు పోవును. అట్టి అప్పు నుంచుకొని దాచుట చిల్లికుండతో నీరు తోడుట. అంతకంటె ఎక్కువ వడ్డీ ఇత్తుమనువారిని నమ్ముట కుండయే పోగొట్టుకొనుట. డిపాజిట్ల కంపెనీలు కూలినపుడు రసీదుల కట్టలు ఒడిలో పెట్టుకొని కోర్టు వరండాలో కూర్చున్న వృద్ధులను మేము చూచితిమి. వారు అత్యాశాపరులు కారు. కూతురి పెండ్లికి కూడబెట్టినవారు.

రెండవది ఆపదనిధి. దీనికి మనకు కొల్లేరే పాఠము. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను ఆ పల్లము పట్టుకొని, ఉప్పుటేటి వెంట మెల్లగా సముద్రమునకు విడుచును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ ఆ చోటు ఖాళీగా నుండుటయే మనకు రక్ష. చేపలచెరువుల గట్లు ఆ ఖాళీని మింగినవి. 2006లో ప్రభుత్వము గట్లను కొట్టింపవలసివచ్చెను. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరే కొల్లేటి లంకలను చుట్టుముట్టుట చూచితిమి. ప్రతి రూపాయిని ముందే వాయిదాలకు ఒప్పగించిన ఇల్లు గట్లతో నిండిన కొల్లేరు వంటిది; వరద వచ్చినపుడు దానికి చోటుండదు. 2020 డిసెంబరులో మన ఏలూరున కొలది దినములలోనే ఆరు వందలకు పైగా జనులు మూర్ఛలు మొదలగు బాధలతో ఆసుపత్రి పాలైరి. అట్టి రాత్రి పెట్టెలో సొమ్మున్న ఇల్లు వేరు, పొరుగు తలుపు తట్టవలసిన ఇల్లు వేరు. మూడు నెలల వెచ్చము ముట్టరాని సొమ్ముగా నుండవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తుల ఆరోగ్యభీమా, జీవితభీమా ప్రీమియములపై నూటికి 18 చొప్పున ఉండిన జీఎస్టీని తొలగించిరి. 20,000 ప్రీమియముపై పన్ను 3,600 లేకపోయెను. భీమా ఇంకను లేని ఇంటివారు ఆలోచింపవలెను.

ఈ మాటలే ఒక ఉదయమున మా అరుగుమీద సాగుచుండగా, చేపలగంప దించిన కొల్లేటి లంక స్త్రీ ఒకతె అంతయు విని, “మరి మాకేం ఒరుగుద్దండి లాయరుగారూ?” అని అడిగినది. ముందు చెప్పిన సున్న మా ఎదుట నిలిచినది. “ఈ రిబేటులో నీకేమీ లేదమ్మా” అంటిమి. ఆమె ఆశ్చర్యపడలేదు. అది మమ్ము మరింత బాధించెను.

రైత్వారీ దినములలో పంట మునిగిన ఏట సర్కారు శిస్తులో రెమిషను ఇచ్చుట కలదు. అది పట్టాదారు పేర వ్రాయబడెడిది. నీటిలో దిగి దున్నిన కౌలుదారునకు అందు పాలు దక్కుట పట్టాదారుని దయ. నేటి రిబేటును అట్టిదే. ఆదాయపుపన్ను కట్టినవానికే మిగులును. కాని సబ్బు కొనునపుడు చేపలమ్ము ఆమెయు మనతో సమానముగా పన్ను కట్టుచున్నది. 1930లో జాతి ఉప్పుపన్నును ఎదిరించుటకు కారణమేమి? అది కూలివాని గంజిలో సయితము పడెడిది గనుక. 2025 సెప్టెంబరు 22 నుండియే సబ్బు, తలనూనె, పండ్లపొడి ముద్ద మొదలగువానిపై జీఎస్టీ నూటికి 18 నుండి 5కు దిగినది. పన్నుతో 118 రూపాయలైనది 105 కావలెను. అయినదో లేదో అచ్చువేసిన ధర చూచి అంగడిలో అడుగుట చదువుకొన్న మన పని. ఆమె పక్షముననైనను అడుగవలెను.

అంతతో మన బాధ్యత తీరదు. మన ఇంట అంట్లు తోము మనిషి జీతము ఎన్నడు పెంచితిమి? మన చేను కౌలుకు చేయువానికి మునిగిన ఏట మక్తా ఎంత తగ్గించితిమి? ప్రభుత్వము మనకు నెలకు ఆరువేలు వదలినపుడు మనము ఆమెకు అయిదు వందలు పెంచుట దానము కాదు. మనకందిన న్యాయమును మరియొక మెట్టు దించుట.

కావున మేము కోరునది చిన్న పని. ఈ నెల జీతమునాడు, దీపము పెట్టిన వెనుక, భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుండుడు. ఈడువచ్చిన బిడ్డలను పిలువుడు. పన్ను తగ్గి మిగిలినదెంతో లెక్కకట్టి, కాగితముమీద నాలుగు పద్దులు వ్రాయుడు: అప్పు, ఆపద, బిడ్డలు, పనివారు. మోటారుసైకిలు అయిదవ పద్దు కావచ్చును. మేము సన్యాసము బోధింప వచ్చినవారము కాము. పేరు పెట్టిన సొమ్ము నిలుచును. పేరు లేనిది కరగును. భర్త ఒక్కడే వ్రాసిన కాగితము మాత్రము చెల్లదని మా న్యాయవాదుల అభిప్రాయము.

మా ఇంట ఆ కాగితము గృహిణి చేతివ్రాతలో వంటయింటి తలుపునకు అంటింపబడియున్నది. నాలుగవ పద్దు ఆమెయే చేర్చినది. రెండవ పద్దు దగ్గర మేము ఇంకను వెనుకబడియే యున్నాము. వచ్చు మాసము ఈ మందిరముననే మరల కలిసికొందము. మీ కాగితములు మీరు తెండు, మాది మేము తెత్తుము.