సంచి నాది, సొమ్మెవరిది?
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తొలకరి పడగానే పుట్టగొడుగుల కోసం మా అత్తతో అడవికి వెళ్లాను. తెల్లగా కనబడినదల్లా కోయబోతే అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. పురుగు తిన్నది మనమూ తినొచ్చని, ఉడికిస్తే విషం విరుగుతుందని అంటారు. రెండూ తప్పే. కొన్ని విషాలు ఉడికించినా పోవు. తిన్న ఆరు గంటలు దాటాక గానీ వాంతులు మొదలవవు. అప్పటికే విషం ఒంటికి పట్టేస్తుంది. అనుమానముంటే వదిలెయ్యాలి. ఈ చదువు బడిలో లేదు, మన పెద్దాడవాళ్ల దగ్గరుంది.

తరువాత ఇంట్లోనే ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచాను. వరిగడ్డిని రెండంగుళాల ముక్కలు చేసి నానబెట్టాను. అరగంట ఉడికించి, పిండితే నీరు కారనంతగా నీడలో ఆరబెట్టాను. ప్లాస్టిక్ సంచిలో గడ్డి ఒక వరస, విత్తనం ఒక వరస నింపి, చిల్లులు పెట్టి చీకటి గదిలో ఉంచాను. మొదటి సంచికి పచ్చబూజు పట్టింది; గడ్డి సరిగా ఉడకలేదు. రెండోసారి 20 రోజులకు తెల్లగా అల్లుకుంది. వెలుతురులో పెట్టి రోజూ నీళ్లు చల్లితే పంట వచ్చింది.

అసలు కథ అమ్మకం దగ్గర మొదలైంది. చాకిరీ నాది, సంతలో డబ్బు అందుకున్నది మా ఆయన. శిక్షణకు పేరివ్వబోతే, "పట్టా ఎవరి పేర ఉంది?" అన్నారు. ఇంటి మూలన పెరిగే పంటకు పట్టా ఎందుకు? 2006 అటవీ హక్కుల చట్టమే పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలంటోంది కదా!

అందుకే మన సంఘాలు అడగాలి: శిక్షణ జాబితాలో పని చేసే స్త్రీ పేరుండాలి, అమ్మిన సొమ్ము ఆమె ఖాతాలోనే పడాలి.