మనం అడగకపోయినా లాయర్ మన హక్కే



ఈ తరగతిలో నాకిచ్చిన అంశం క్రిమినల్ కేసులు, డిఫెన్స్ లాయర్లు. లాయర్ అనగానే మన ఊళ్ళల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "లాయర్లు డబ్బున్నోళ్ళకే". రెండోది, "తప్పు చేసినోడికి కదా లాయర్, మనకెందుకు?" ఈ రెండో మాట మనల్ని ఎక్కువ ముంచుతోంది. ఎందుకో మూడు కేసులు చెప్తా, వినండి.

మొదటిది మన శ్రీకాకుళం కొండలది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర గిరిజన సంఘం సభకు వెళ్తున్న మనవాళ్ళ మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ కేసులో ముద్దాయిల్ని కోర్టు వదిలేసింది. ఆ తర్వాత కొండల్లో ఏం జరిగిందో మీ తాతలను అడగండి, చెప్తారు. పోరాటం పెరిగింది, అణచివేతా పెరిగింది, చివరికి పార్వతీపురం కుట్ర కేసు వచ్చింది. ఈసారి బోనులో నిలబడింది ఉద్యమం వైపు మనుషులు. వాళ్ళ తరఫున వాదించినవాళ్ళలో కె.జి. కన్నబిరాన్ గారు ఒకరు. పౌరహక్కుల ఉద్యమంలో ఆయన పేరు తెలియనివాళ్ళు ఉండరు.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా ఒప్పుకోవాలి. లేవిడి ముద్దాయిలకు లాయర్‌ని పెట్టుకునే హక్కు ఉంది. ఆ హక్కు ఉండొద్దని మనం అనకూడదు. కానీ భూమి ఉన్నోడు ఆ హక్కును కొనుక్కోగలడు. మనకేమో కన్నబిరాన్ లాంటి మనిషి దొరికితేనే దక్కింది. హక్కు అనేది మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు కదా?

రెండో కేసు ఆ ప్రశ్నకే జవాబు. అరుణాచల్ ప్రదేశ్‌లో సుక్ దాస్ అనే ఉద్యోగి, ఒక ఇంజనీర్‌ని బెదిరించాడని కేసు. లాయర్ లేకుండానే విచారణ నడిచింది. సాక్షుల్ని ఎలా ప్రశ్నించాలో ఆయనకు తెలియదు. రెండేళ్ళ శిక్ష పడింది. హైకోర్టుకు పోతే "లాయర్ కావాలని నువ్వు అడగలేదుగా" అన్నారు. 1986లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. పేదవాడికి, చదువు లేనివాడికి తన హక్కేంటో తెలియదు, తెలియనిది ఎలా అడుగుతాడు అంది. ఉచితంగా లాయర్‌ని ఇస్తామని చెప్పాల్సింది కోర్టే. చెప్పకుండా విచారణ నడిపితే అది చెల్లదు.

ఇంకో సంగతి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు, ఎస్సీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇది ఎవరో దయతో ఇచ్చేది కాదు. 15100కి ఫోన్ చేసి అడగొచ్చు.

మూడో కేసు మన పక్కనున్న బస్తర్‌ది. 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. వాళ్ళూ పేదింటి బిడ్డలే. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ళ ఆదివాసీలను పట్టుకుపోయి ఉపా చట్టం పెట్టారు. 2022 జులైలో దంతెవాడ ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు 121 మందిని నిర్దోషులని వదిలేసింది. వాళ్ళు ఆ దాడి చోట ఉన్నారని ప్రాసిక్యూషన్ చూపించలేకపోయింది. వాళ్ళ తరఫున నిలబడిన లాయర్ బేలా భాటియా.

గెలిచాం అని చప్పట్లు కొట్టబుద్ధి కావట్లేదు నాకు. ఐదేళ్ళు! ఐదు పోడు పంటలు. జైలుకు పోయేనాటికి పాలు తాగుతున్న పిల్లోడు నాన్న తిరిగొచ్చేసరికి బడికెళ్తుంటాడు. "తప్పు చేయలేదు, మనకేం భయం" అనుకునేవాళ్ళకు బుర్కాపాల్ చాలు. తప్పు చేయకపోవడం ఒక్కటే మనల్ని బయటికి తీసుకురాదు. ఆ మనిషి అక్కడ ఉన్నాడని ఎవరు చూశారు, ఏం దొరికింది, ఎవరి ముందు దొరికింది అని కాగితం కాగితం పట్టి అడిగే మనిషి కావాలి. అదే డిఫెన్స్ లాయర్ పని.

మన దగ్గర ఇప్పుడు గంజాయి కేసులు ఉన్నాయి. నాలుగు రూపాయలకు ఆశపడి మూట మోసిన కుర్రాడు లోపల ఉంటాడు, మోయించినోడు ఎక్కడో ఉంటాడు. 20 కిలోలు దాటితే బెయిల్ చాలా కష్టం. కాబట్టి ముందు ఆ మూట ముట్టుకోవద్దు. అయినా కేసంటూ వస్తే ఆ కుర్రాడికీ లాయర్ హక్కే. అలాంటి కేసుల్లో అధికారుల ముందు చెప్పిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ నాలుగూ ఊళ్ళో అందరికీ చెప్పండి.

అరెస్టు చేస్తే కారణం రాతలో ఇమ్మని అడగాలి. 2024లో ప్రబీర్ పుర్కాయస్థ కేసులో అలా ఇవ్వలేదనే సుప్రీంకోర్టు ఆ అరెస్టు చెల్లదంది.

ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అక్కడ నోరు తెరిచి "నాకు లాయర్ కావాలి" అనాలి.

తెల్లకాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టొద్దు.

కోర్టులో చెప్పేది అర్థం కాకపోతే తల ఊపొద్దు. కోయ, కువి, సవర, గోండి, ఏ భాష మనదైతే ఆ భాషలో చెప్పించమని అడగాలి. సాక్ష్యం ముద్దాయికి అర్థమయ్యే భాషలో చెప్పాలని చట్టంలోనే ఉంది.

ఉచిత లాయర్ వాయిదాకు రాడు, పట్టించుకోడు అని మీరంటారు. కొన్నిచోట్ల నిజమే. అందుకే ప్రతి ఊళ్ళో యువజన సంఘం ఒక నోట్‌బుక్ పెట్టాలి. ఎవరి మీద ఏ కేసు, నంబర్ ఎంత, ఏ కోర్టు, లాయర్ ఎవరు, వాయిదా ఎప్పుడు, అన్నీ రాసుకోవాలి. వాయిదా రోజున ఇద్దరు వెళ్ళి కోర్టులో కూర్చోవాలి. అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తే లాయరూ వస్తాడు. రాకపోతే మార్చమని న్యాయ సేవా సంస్థకు అర్జీ పెట్టొచ్చు.

చివరిగా డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదువుతున్నారు, మంచిదే. మీలో కొందరు లాసెట్ కూడా రాయండి. మన ముసలమ్మ కోర్టు మెట్ల మీద నిలబడి మన భాషలో తన గోడు చెప్పుకుంటే, మధ్యలో తర్జుమా అక్కర్లేకుండా వినే నల్లకోటు మనకు కావాలి. అది మీలోంచే రావాలి.

జై ఆదివాసీ. జోహార్.