పాత చీరపేలికల పూలబుట్ట

కార్తికమాసంలో అనంతగిరి శ్రీ అనంతపద్మనాభస్వామి సన్నిధికి వచ్చిన మనం ఒక నది పుట్టినచోట నిలిచి ఉన్నాము. ముచుకుంద మహారాజు పేర పెద్దలు ముచుకుందానది అని పిలిచిన మూసీ ఈ వికారాబాదు కొండలలోనే జన్మించి, హైదరాబాదు మీదుగా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. మనం ఇక్కడ విడిచిన ప్లాస్టిక్ సంచి కొండ దిగువనే ఆగదు.

ఇప్పుడు నా అపరాధం ఒకటి విన్నవించుకొంటాను. కొన్నేళ్ల క్రిందట తాండూరు ప్రాంతపు ఒక ఆలయంలో ఉండగా, ఒక వృద్ధురాలు బంతిపూలు తెచ్చింది. ఆమె బుట్ట పాత చీరపేలికలతో అల్లినది. “అమ్మా, కట్టి విడిచిన బట్టలో దేవునికి పూలు తేవచ్చునా?” అని దానిని వెలుపలనే పెట్టించాను. ఆమె మారుమాట లేక పూలను కొంగులో పోసుకొన్నది. ఆ కొంగు కూడా కట్టిన చీరదే కదా! ఆమె వెనుక ప్లాస్టిక్ కవర్లలో పూలు తెచ్చినవారిని నేనేమీ అనలేదు. హారతి ముగిసి బయటికి వచ్చేసరికి ఒక ఆవు ఆ కవర్లను నములుతున్నది.

ఆ రాత్రి నిద్ర పట్టక మనుస్మృతి పంచమాధ్యాయంలోని ద్రవ్యశుద్ధి ప్రకరణం తెరిచాను. కొద్దిపాటి వస్త్రాలకు నీట కడుగుటయే శుద్ధి. చీల్చిన వెదురుతో అల్లిన వస్తువులకును వస్త్రమునకు వలెనే శుద్ధి. అనగా మేదరి బుట్టకు, ఉతికిన పేలికకు విధి ఒక్కటే. స్వామికి సమర్పించే వస్త్రం నూతనమే కావాలి, అందులో మార్పు లేదు. బుట్ట పూలను మోసే సాధనం మాత్రమే. బాల్యంలో వల్లించిన ఈ మాట అవసరమైన వేళ నాకు స్ఫురించలేదు.

మరునాడు ఆమె ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. “అయ్యో, గంత మాటెందుకు అయ్యగారూ, కూసోండ్రి” అని నాపరాతి అరుగు మీద కూర్చుండబెట్టి అల్లిక చూపింది. పచ్చి కందిపుల్లలు నాలుగు నడుమ ఒకదానిపై ఒకటి అడ్డంగా పరచి కడితే ఎనిమిది కొనలు వస్తాయి. మరొక చిన్న పుల్ల చేర్చి తొమ్మిది చేస్తుంది. రెండువేళ్ల వెడల్పు పేలికను ఒక కొన పైనుండి, మరొక కొన క్రిందినుండి త్రిప్పుతుంది. కొనలు సరిసంఖ్య అయితే ప్రతి చుట్టులోను పేలిక అవే కొనల మీదికి వస్తుంది. బేసి అయితేనే పైది క్రిందికి, క్రిందిది పైకి మారి అల్లిక బిగుస్తుంది. “గా ఒంటిపుల్ల లేకుంటే బుట్ట నిలువది” అన్నది.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ఏడాది డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకంటె పలుచని ప్లాస్టిక్ సంచులు నిషిద్ధమైనవి. నిషేధం ప్రభుత్వం చేయగలదు. బుట్ట మాత్రం మన ఇంటిలోనే పుట్టాలి.

యాత్రికులకు, దాతలకు నా విన్నపం ఒక్కటే. మూలపడిన నూలుచీరను ఉతికి, ఆరవేసి, బుట్ట అల్లించండి. లోపల మోదుగాకు పరచి పూలు తెండి. ఆనాడు నేను వెలుపల పెట్టించిన బుట్టను ఆ తల్లి నాకే ఇచ్చింది. నేటి ఉదయం స్వామికి పూలు దానిలోనే తెచ్చాను.

స్వస్తి.